పైకప్పు మీద ఆరు బస్తాలు

ఎలియాజర్ అంకుల్ పోయిన రోజున కాన్‌బెర్రాలో ఎండ కాసింది. జూన్ నెల, అక్కడ చలికాలం. మంగళవారం. పొద్దున గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని, తొమ్మిదింటికల్లా కరిగిపోయింది. ఆ సమయంలో జూడీ యూనివర్సిటీలో పరీక్ష రాస్తోంది. పిల్లలు లెక్కల్లో చేసే తప్పులను టీచరు ఎలా అర్థం చేసుకోవాలన్నది ఆ రోజు ప్రశ్న. రాయాల్సింది రాసి, బయటికి వచ్చి ఫోన్ తెరిస్తే సువర్ణకుమారి ఆంటీ దగ్గర్నుంచి ఒక మెసేజ్ ఉంది.

"అంకుల్ వెళ్ళిపోయారమ్మా. నువ్వు ఏమన్నా తిని రా."

జూడీ తినలేదు. తిన్నానని మాత్రం చెప్పింది.

అంతకు రెండు రోజుల ముందు, ఆదివారం ఆరాధన అయ్యాక, ఆమె ఆసుపత్రికి వెళ్ళి ఆయన పక్కన ఒక గంట కూర్చుంది. అప్పటికే ఆయన మాటలు పొదుపుగా వాడుతున్నారు. ప్రార్థన చెయ్యమంటే చేసింది. నీళ్ళు అడిగితే ఇచ్చింది. లేచి బయల్దేరబోతుంటే ఆయన చెయ్యెత్తి ఆపారు.

"ఆ బస్తాలు తీసెయ్యాలమ్మా. ఈసారి మంచు ఎక్కువట, అది పడకముందే. బెవ్ ఫోన్ చేసింది."

"వచ్చే శనివారం నేనే వెళ్ళి తీసేస్తాను అంకుల్."

ఆయన తలాడించారు. ఆ పని అయిపోయినట్టే కళ్ళు మూసుకున్నారు.

ఆ శనివారం భూస్థాపన అయింది. దాని తర్వాతి శనివారం, గంగాలిన్‌లో అద్దెకు తీసుకున్న హాల్లో, కుటుంబాన్ని ఓదార్చే ఆదరణ కూడిక జరిగింది. నూట ఇరవై మంది వచ్చారు. ఆ తర్వాత యూనివర్సిటీ వాళ్ళు జూడీని శిక్షణ కోసం ఒక ప్రాథమిక పాఠశాలకు పంపారు. పొద్దున ఏడింటికి బస్సు, సాయంత్రం మర్నాటి పాఠానికి తయారీ. ఈ హడావుడిలో బస్తాల సంగతి ఆమె మనసులోంచి జారిపోయింది. జారిపోయిందని కూడా ఆమెకు తెలియలేదు.

బస్తాల సంగతి తెలియాలంటే ముందు ట్రైలర్ సంగతి చెప్పాలి.

కాన్‌బెర్రాలోని హారిసన్‌లో ఎలియాజర్, సువర్ణకుమారి దంపతుల ఇంట్లో జూడీ ఒక గదిలో ఉంటూ చదువుకుంటోంది. ఆయన ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేసేవారు, ఆవిడ వృద్ధాశ్రమంలో పనిచేస్తారు. వాళ్ళకు ఒక క్యాంపర్ ట్రైలర్ ఉంది. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న గది అది. లోపల ఒక మంచం, ఒక పొయ్యి, రెండు అరలు. ఇంటి ముందు దాన్ని నిలపడానికి చోటు లేదు. అందుకని రెండు గంటల ప్రయాణం దూరంలో, ఎడమినబీ దాటాక కొండ మీద, బెవ్ అనే పెద్దావిడ గొర్రెల పొలంలో ఏడాది పొడుగునా ఉంచేవారు. అక్కడికి దగ్గర్లోనే పెద్ద చెరువు. అంకుల్‌కు చేపల పిచ్చి. అవి ఆయనకు దొరికేది తక్కువ.

ఆ ట్రైలర్‌లో మంచానికి పైన, పడుకుంటే చెయ్యి అందేంత ఎత్తులో, తెల్లరంగు వేసిన ప్లైవుడ్ కప్పు. వెళ్ళిన ప్రతిసారీ అంకుల్ వెల్లకిలా పడుకుని దానిమీద పెన్సిల్‌తో ఒక వరుస రాసేవారు. తారీఖు, ఎవరెవరు వచ్చారు, చేప పడిందా లేదా. పదకొండేళ్ళుగా రాశారు. ఆయనకు ఉత్తరాలు రాసే అలవాటు లేదు, డైరీ లేదు. ఫోటోల్లోనూ ఆయన ఉండరు, తీసేది ఆయనే కాబట్టి. ఆంటీ ఎన్నోసార్లు దెప్పేవారు, కాగితం దొరకనట్టు ఇంటికప్పు మీద రాసే మనిషిని మిమ్మల్నే చూశానండీ అని.

ఆ ఏడు ఈస్టర్‌కు నలుగురు వెళ్ళారు. వాళ్ళిద్దరూ, జూడీ, ఆమెతో పాటు యూనివర్సిటీలో చదివే మల్లికార్జున. అతనిది కరీంనగర్ దగ్గర, చదివేది భవన నిర్మాణ ఇంజనీరింగ్. చెరువు ఒడ్డున సూర్యోదయపు ప్రార్థనలో పాటలకు నోరు కదిపితే చాలునా, గొంతు కూడా ఎత్తాలా అని అంకుల్‌ను ముందే అడిగి పెట్టుకున్నాడు. అంకుల్‌కు అప్పటికే కడుపులో నొప్పి. ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి పెన్సిల్ చేతిలోకి తీసుకుని, మళ్ళీ కొక్కానికి తగిలించి, "రేపు రాస్తాలే," అన్నారు. ఆ రేపు గాలి మొదలైంది.

సోమవారం ట్రైలర్‌ను చలికాలానికి సర్దిపెట్టే పని. పైన నీలం బరకం కప్పితే గాలికి ఒక మూల ఉండనంటోంది. అంకుల్ తాడు బిగిస్తారు, అది లేచిపోతుంది. అప్పుడు జూడీకి నిజాంపట్నంలోని వాళ్ళ ఇల్లు గుర్తొచ్చింది. తుఫాను హెచ్చరిక రాగానే వాళ్ళ నాన్న రేకుల మీదికి ఇసుక బస్తాలు ఎక్కించేవాడు. ఆ మాట చెబితే అంకుల్ నుదురు కొట్టుకున్నారు.

"చీరాలలో పుట్టి నాకీ సంగతి తట్టలేదు చూడు."

కారు డిక్కీలో ఖాళీ సోనా మసూరి సంచులు ఆరు ఉన్నాయి. ఇద్దరూ చెరువు ఒడ్డు ఇసుక నింపి, మూతులు కట్టి, నిచ్చెన మీంచి పైకి చేర్చి, బరకం మీద మూడు ఒక పక్క, మూడు ఒక పక్క పేర్చి, మీద నుంచి తాడు వేసి బిగించారు. ముళ్ళు జూడీ వేసింది. పడవను గుంజకు కట్టే ముళ్ళు అవి, నాన్న దగ్గర నేర్చుకున్నవి. పని అయ్యాక ఇద్దరూ వెనక్కి నడిచి చూసుకుని తృప్తిపడ్డారు. సముద్రం పక్కన పెరిగినవాళ్ళు ఇద్దరూ. ఆకాశం ఇంటికప్పును ఎత్తుకుపోతుందని వాళ్ళకు తెలుసు. మంచై వచ్చి దానిమీద కూర్చుంటుందని ఆ రోజు ఇద్దరికీ తోచలేదు. భోజనం చేసి కారులో నిద్రపోతున్న మల్లికార్జున ఇదేమీ చూడలేదు.

ఆగస్టు మొదటి శుక్రవారం పొద్దున బెవ్ ఫోన్ చేసింది. ఆంటీ దోసె తిరగేస్తూ ఫోన్ స్పీకర్‌లో పెట్టారు. బెవ్ పెద్దగా మాట్లాడుతుంది, కొండమీద నుంచి నేరుగా వినిపించాలన్నట్టు. మూడు రోజులుగా ఆగకుండా మంచు పడిందట. పొలంలో రెండడుగులు ఉందట. మామూలుగా దూదిలా పడి కొన్నాళ్ళకు పోయే మంచు కాదట, తడిసి బరువెక్కిన మంచట. మీ ట్రైలర్ కప్పు నడుమ కుంగిపోయి కనిపిస్తోంది, ఆ పైన ఏవో గుట్టల్లా ఉండి మంచు జారనివ్వడం లేదు అంది. ఇవాళ రాత్రికి మంచు ఆగుతుంది కానీ రేపు మధ్యాహ్నం దాటాక వాన ఉంది. ఆ మంచు మీద వాన పడితే నీళ్ళన్నీ పీల్చుకుంటుంది, ఇక కప్పు నిలవదు. తన భుజం బాగుంటే తనే చేసేదాన్నంది.

"రేపు పొద్దున్నే వస్తాను," అన్నారు ఆంటీ ఇంగ్లీషులో.

పొయ్యి మీద దోసె మాడింది. జూడీ లేచి పొయ్యి ఆపింది. గుట్టలు అన్న మాట దగ్గరే ఆమెకు ఆదివారం నాటి ఆసుపత్రి గది, ఎత్తిన చెయ్యి, తను చెప్పిన జవాబు వరసగా గుర్తొచ్చాయి. ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకుంది. ఆంటీ వెనక్కి తిరిగి ఏదో అడగబోయినట్టు చూసి, ఆగి, మాడిన దోసె తీసి పారేశారు. జూడీ చెప్పకుండానే పెనం కడగడానికి తీసుకుంది.

మెల్బోర్న్‌లో ట్రుగనీనాలో ఉంటున్న కూతురు ఎల్సాతో కాసేపటికి ఫోన్లో మాటలయ్యాయి. మంచులో ఆ కొండ ఎక్కొద్దని ఎల్సా బతిమాలింది.

"మమ్, లీవ్ ఇట్. ఇట్స్ జస్ట్ ఎ ట్రైలర్."

"ట్రైలర్ పోతే పోనీ," అన్నారు ఆంటీ. "దాని కప్పు కావాలి నాకు. మీ నాన్న రాతంతా అక్కడే ఉంది."

ఎల్సా ఇక వద్దనలేదు. "ఓకే. టేక్ ది గుడ్ గ్లవ్స్," అంది.

శనివారం ఏడింటికి మల్లికార్జున తన పాత కారు తెచ్చాడు. మంచులో దిగబడని కారు అది ఒక్కటే వాళ్ళకు తెలిసినవాళ్ళలో. ఆంటీ ముందు సీట్లో కూర్చోలేదు. వెనక కూర్చుని, గ్యారేజీలో తాను తయారుచేసిన వస్తువును ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నారు. ఈత నేర్చుకునేటప్పుడు పిల్లలు పట్టుకుని తేలే మెత్తటి నురగ పలక, ఎల్సా చిన్నప్పటిది. దాన్ని ఈతకొలను శుభ్రంచేసే పొడుగు కర్రకు అడ్డంగా బిగించారు. కర్ర కొన కిటికీలోంచి బయటికి వచ్చింది. అలాంటిదే ఇంకొకటి డిక్కీలో ఉంది.

"గిదేంది ఆంటీ?" అన్నాడు మల్లికార్జున.

"ఉప్పు లాగే పలక."

"మంచుకు ఉప్పు చల్లుతరని ఎరుక గని, లాగుడేంది?"

ఆవిడ చెప్పారు. చినగంజాం ఉప్పు మడుల్లో ఆవిడ నాన్న కూలీ. ఎండాకాలం సెలవుల్లో ఆవిడా మడిలో దిగి, పొడుగు కర్రకు బిగించిన పలకతో ఉప్పు లాగేవారు. బలం పెట్టి లాగడం కాదు ఆ పని. పలకను పైన ఆనించి, పొర తరవాత పొరగా, తన వైపుకు తెచ్చుకోవాలి. పలక అడుగుకు తగిలితే కింద బురద లేచి ఉప్పంతా నల్లబడుతుంది. తగిలితే నాన్న తిట్టేవాడు కాదు, పలక చేతిలోంచి తీసుకుని గట్టు మీద కూర్చోబెట్టేవాడు. అదే పెద్ద శిక్ష.

మల్లికార్జున కొంచెంసేపు ఆలోచించి, ఇంజనీరింగ్ పుస్తకాల్లో కూడా అదే రాసి ఉంటుందని, కాకపోతే ఉప్పు పేరు ఉండదని అన్నాడు. రాత్రి అతను లెక్క వేశాడు. కప్పు ఎనిమిది చదరపు మీటర్లు. రెండడుగుల తడి మంచు అంటే టన్నుకు పైనే.

"మీ ఇంట్ల పెద్ద ఫ్రిజ్ ఉన్నది గదా ఆంటీ. గసుంటివి పన్నెండు తెచ్చి మీద పెట్టినట్టు. వాన పడితే ఇంకో నాలుగు."

తర్వాత షరతులు చెప్పాడు. ఎవరూ పైకి ఎక్కకూడదు. ఇనుప పార వాడకూడదు. వేడినీళ్ళు పొయ్యకూడదు. మంచు దించేదాకా ఎవరూ లోపలికి వెళ్ళకూడదు. ఒక్క పక్కే ఖాళీ చేస్తే రెండో పక్క బరువుకు ట్రైలర్ వాలిపోతుంది, కాబట్టి రెండు పక్కలా సమంగా లాగాలి. "ఈ ఐదు మాటలు ఇంటే మిగిలింది మీ ఇష్టం," అన్నాడు. జూడీ తలాడించింది. ఆమె ఒళ్ళో చేతులు ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉన్నాయి. బస్తాల బరువు అతని లెక్కలో లేదు. అవి ఉన్నాయని అతనికి తెలియదు.

దారిలో కూమా అనే ఊళ్ళో ఆగి టీ తాగారు. ఆంటీ కప్పు మూత తీసి మళ్ళీ పెట్టి, "జూడీ," అన్నారు. జూడీ చూసింది. "ఏం లేదమ్మా. వేడిగా ఉంది, నెమ్మదిగా తాగు," అన్నారు.

ఎడమినబీ నుంచి రోడ్డుకు రెండు వైపులా మంచుగోడలు. రోడ్డు మాత్రం యంత్రంతో తీసి ఉంది. తొమ్మిదిన్నరకు పొలం గేటు దగ్గర రబ్బరు బూట్లతో బెవ్ నిలబడి ఉంది. అంకుల్ పోయాక ఆంటీని చూడటం అదే మొదటిసారి. "యూ రైట్, లవ్?" అని అడిగి, జవాబు వచ్చేలోపే కౌగిలించుకుంది. తర్వాత పలకను చూసి నవ్వబోయి, ఆంటీ మొహం చూసి ఆగిపోయింది.

ట్రైలర్ కంచె పక్కన, సగం మంచులో మునిగి ఉంది. నీలం బరకం అంచు మాత్రం కొంచెం కనిపిస్తోంది. కప్పు నడుమ నడుం విరిగిన మంచంలా కుంగింది. ఆ పైన మంచు మందంగా, నున్నగా, మధ్యలో రెండు వరసల్లో ఆరు ఉబ్బులతో. జూడీ ఆ ఆరింటినీ లెక్కపెట్టింది. అవసరం లేదు, అయినా లెక్కపెట్టింది.

ఆమె నిచ్చెన కోసం చుట్టూ చూసింది. కొట్టం గోడకు ఆనించి ఒకటి ఉంది. దానివైపు నాలుగడుగులు వేసిందో లేదో మల్లికార్జున చెయ్యి అడ్డం పెట్టాడు.

"మొదటి మాటే మర్చిపోయినవా? నువ్వు ఎక్కినవనుకో, లోపల మంచం మీద దిగుతవ్."

"పైన బరువులున్నాయి మల్లీ."

"ఉంటే మంచుతోనే కిందికొస్తయ్. ముందుగాల మంచు."

పదింటికి మొదలుపెట్టారు. రోడ్డు వైపు ఆంటీ, కంచె వైపు మల్లికార్జున. జూడీ కింద పడ్డ మంచును పారతో పక్కకు తోస్తోంది, లేకపోతే రెండు గజాలు లాగేసరికి నిలబడ్డ చోటే గుట్ట అయిపోతుంది. బెవ్ దూరంగా నిలబడి కప్పును చూస్తూ, ఎటు వాలుతోందో చెబుతోంది.

మల్లికార్జున మొదటి లాగుకే అరచెయ్యి లోతు మంచు కావాలనుకున్నాడు. పలక దిగబడి రాలేదు. మళ్ళీ లాగితే కర్ర వంగింది. ఆంటీ ఇటు నుంచి అతన్ని చూడకుండానే, ఆశపడొద్దు బాబూ, రెండు వేళ్ళ మందం చాలు అన్నారు. ఆవిడ పలక మంచును తాకీతాకనట్టు వెళ్ళి, దూరాన ఆని, సన్నటి పొరను తెచ్చి అంచు మీంచి వదిలేస్తోంది. మళ్ళీ వెళుతోంది. ఆ చేతుల్లో తొందర లేదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పి అని మెట్లకు బదులు లిఫ్ట్ వెతుక్కునే మనిషి, మంచులో కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి ఒకే లయలో లాగుతూనే ఉన్నారు. కొద్దిసేపటికి మల్లికార్జున ఆవిడ లయ పట్టుకున్నాడు. రెండు పలకలూ ఒకదాని తరవాత ఒకటి పడటం మొదలైంది.

పదకొండు దాటింది. పడమటి కొండ మీద మబ్బు నల్లబడుతోంది. అప్పుడు ఆంటీ పలక దేన్నో గుద్దుకుని ఆగింది. మంచులోంచి సంచి మూల ఒకటి బయటపడింది. దానిమీద ఎర్రటి అక్షరాల్లో బియ్యం పేరు.

ఆంటీ పలక దించారు. జూడీ కూడా పార ఆపింది.

"ఆంటీ, అవి ఇసుక బస్తాలు," అంది. "గాలికి బరకం లేచిపోతుందని ఈస్టరప్పుడు నేనే పెట్టించాను. మంచు పడకముందు తీసెయ్యమని అంకుల్ ఆసుపత్రిలో చెప్పారు. తీసేస్తానని మాటిచ్చాను. మర్చిపోయాను ఆంటీ."

ఆవిడ కర్రను నేలకు ఆనించి, దానిమీద రెండు చేతులూ పెట్టుకున్నారు.

"తెలుసు," అన్నారు. "ఆ రోజు ఆ ముడి చూస్తే తెలియదా? ఆయనకు బూటు లేసు తప్ప ఇంకో ముడి రాదు."

జూడీ పారను మంచులో గుచ్చి ఆవిడ వైపు తిరిగింది.

"ఆ ఆదివారం నువ్వు వెళ్ళాక నాతోనూ అన్నారు. జూడీకి పరీక్షలు, మర్చిపోతుంది, నువ్వు గుర్తుచెయ్యి అని. సరేనండీ అన్నాను. నేను గుర్తుచెయ్యలేదమ్మా. నిన్న బెవ్ ఫోన్ చేసేదాకా నాకే గుర్తులేదు. నీతో ఎలా చెప్పాలా అని నిన్నటి నుంచి చూస్తున్నాను."

మాడిన దోసె, కూమాలో టీ కప్పు జూడీకి అప్పుడు అర్థమయ్యాయి. ఆరు వారాల్లో ఆమె ఎవరి ముందూ ఏడవలేదు. ఇప్పుడూ పెద్దగా ఏడవలేదు. చేతొడుగుతో మొహం తుడుచుకుంటే దానికున్న మంచు చెంపలకంటింది, అంతే.

ట్రైలర్ అవతల నుంచి మల్లికార్జున గొంతు వినిపించింది. కనిపించడం లేదు కానీ అన్నీ విన్నాడు.

"అంకుల్ ఇంకెవరికన్న చెప్పిండా? నాకైతే చెప్పలే. నేనొక్కణ్ణి సాఫ్‌గున్న."

"నువ్వా రోజు నిద్రపోకుండా ఉంటే ఆపేవాడివి కదా," అంది జూడీ.

"అన్నం పెట్టింది ఎవరు? ఆంటీ. మరి తప్పు ఎవరిది?"

ఆంటీ నవ్వారు. అంకుల్ పోయాక ఆవిడ శబ్దం వచ్చేలా నవ్వడం జూడీ వినలేదు. ఏమైందని బెవ్ అడిగింది. చెప్పడానికి ఎవరికీ తీరిక లేదు.

జూడీ చేతొడుగులు తీసేసి తాడు ముళ్ళ దగ్గరికి వెళ్ళింది. అవి గడ్డకట్టి రాళ్ళలా ఉన్నాయి. బెవ్ జేబులోంచి కత్తి తీసి ఇచ్చింది. జూడీ దాన్ని తీసుకోలేదు. వేళ్ళ మధ్య ముడిని రుద్ది, ఊది, మంచు పగలగొట్టి, తాడు వెనక్కి నెట్టింది. ఎంత బిగిసినా వెనక్కి నెడితే వదిలే ముడి అది, అందుకే పడవలకు వాడతారు. ఒకటి వదిలింది. రెండోదానికి కొంచెం కష్టపడింది. నాలుగూ వదిలేసరికి ఆమె వేళ్ళకు స్పర్శ పోయింది.

తర్వాత బస్తాలు. ఇసుక లోపల రాయిలా గట్టిపడింది. ఒక్కో బస్తా వెనక పలక ఆనించి, ఇటు ఒకటి అటు ఒకటిగా అంచుకు జరిపారు. జరిపిన ప్రతిదీ మంచుగుట్టలో మెత్తగా పడింది. నాలుగోది పడుతుండగా మొదటి వాన చినుకు జూడీ చెవి మీద పడింది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. చేతులు మాత్రం త్వరపడ్డాయి. ఐదోది. ఆరోది బరకానికి అంటుకుపోయి కదల్లేదు. అప్పటికి కప్పు మీద జానెడు మంచు మాత్రం మిగిలింది. మల్లికార్జున కళ్ళు చిన్నవి చేసి చూసి, ఇప్పుడు పరవాలేదు, బరకంతో సహా లాగేద్దాం అన్నాడు. నలుగురూ ఒకే పక్కకు వచ్చి అంచు పట్టుకున్నారు. బెవ్ కూడా, మంచి భుజంతో. ఒకసారి లాగితే కొంచెం జరిగింది. రెండోసారికి బరకం, మంచు, ఆఖరి బస్తా కలిసి దబ్బున వాళ్ళ కాళ్ళ ముందు పడ్డాయి. మల్లికార్జున వెనక్కి కూలబడ్డాడు.

ఆ వెంటనే పెద్ద చప్పుడైంది. రేకు డబ్బా మూత పైకి తన్నినట్టు, ఒక్కటే చప్పుడు. కుంగిన కప్పు తనంత తానే పైకి లేచింది. పూర్తిగా కాదు, నడిమధ్య కొంచెం సొట్ట ఉండిపోయింది. కానీ లేచింది. వాన దానిమీద పడి, రెండు వైపులా జారిపోవడం మొదలుపెట్టింది.

నలుగురూ వానలో నిలబడి ఆ నీళ్ళు జారడాన్నే చూశారు. "దట్ విల్ డూ," అంది బెవ్. ఆ చెరువు ప్రాంతంలో అంతకుమించి ఎవరూ మెచ్చుకోరు.

మల్లికార్జున చుట్టూ తిరిగి, నాలుగు మూలలూ తట్టి చూసి, ఇప్పుడు లోపలికి పోవచ్చు అన్నాడు. తలుపు బిగిసింది. భుజంతో నెడితే తెరుచుకుంది. లోపల కప్పు ఎత్తు తక్కువ కాబట్టి నడుం వంచుకునే వెళ్ళాలి. ఆంటీ, జూడీ వెళ్ళి మంచం మీద కూర్చున్నారు. లోపల చల్లగా, మూసిన పెట్టె వాసన వస్తోంది. జూడీ ఫోన్ లైటు వేసి పైకి పట్టింది.

ప్లైవుడ్ ఒక మూల తడిసి ఉబ్బింది. మధ్యలో వెంట్రుకంత పగులు, ఒక వరుసను అడ్డంగా కోసుకుంటూ వెళ్ళింది. మిగతావన్నీ ఉన్నాయి. పదకొండేళ్ళ వరుసలు, తల వైపు నుంచి కాళ్ళ వైపుకు, వాలు అక్షరాలతో.

ఆంటీ వెల్లకిలా పడుకున్నారు. ఎప్పుడూ పడుకునే పక్కనే పడుకుని, రెండో పక్క ఖాళీగా వదిలారు. కళ్ళజోడు సర్దుకుని చదవసాగారు. జూడీ లైటు కదుపుతూ వెళ్ళింది.

అక్టోబరు 6. నేను, సువర్ణ. గాలి. చేప లేదు.

నవంబరు 12. నేను, సువర్ణ, ఎల్సా. చేప ఒకటి. సువర్ణ పట్టింది. నేను పట్టానని ఎల్సాకు చెప్పాం.

"అబద్ధం రాయలేదు చూడు," అన్నారు ఆంటీ.

పగులు వెళ్ళిన వరుస దగ్గర ఆవిడ వేలు పెట్టి చూశారు. అక్షరాలు చదవడానికి వస్తున్నాయి. ఇంకా కిందికి వస్తే జూడీకి తన పేరు కనిపించింది.

జనవరి 26. నేను, సువర్ణ, కొత్త అమ్మాయి జూడీ. వాన. జూడీకి గురక.

"నాకు గురకా?" అంది జూడీ.

"నిజమేనమ్మా. మేం ఇద్దరం నిద్రపోలేదు ఆ రాత్రి. లేపొద్దన్నారు ఆయన. పొద్దునే బస్సులో వచ్చింది, అలసిపోయింది అన్నారు."

తలుపు దగ్గర నుంచి మల్లికార్జున, నా గురించి ఏం రాసిండు అని అడిగాడు. అతను వచ్చింది ఈస్టర్‌కు మాత్రమే. జూడీ లైటును ఆఖరి వరుస దాకా జరిపింది.

మార్చి 9. నేను, సువర్ణ. రెండు చేపలు. ఒకటి వదిలేశాం.

దాని కింద ఏమీ లేదు. తెల్ల రంగు, మూడు వేళ్ళ మేర ఖాళీ. పెన్సిల్ కొక్కానికి దారంతో వేలాడుతోంది, ఈస్టర్ రాత్రి ఆయన తగిలించినట్టే.

ఆంటీ చెయ్యి చాచి పెన్సిల్ విప్పి జూడీకి ఇచ్చారు. "ఈస్టర్‌ది నువ్వు రాయి. నీ అక్షరాలు బాగుంటాయి."

"ఎవరెవరు వచ్చారని రాయాలాంటీ?"

"వచ్చినవాళ్ళందర్నీ. ఆయన్ని మొదట."

జూడీ ఆ ఖాళీ మీద వేలు ఆనించింది. చెమ్మ తగిలింది. పెన్సిల్ మొన ఆనిస్తే గీత పడలేదు, రంగు మెత్తగా లేచివచ్చింది. ఆమె వెంటనే చెయ్యి తీసేసింది. ఆంటీ బొటనవేలితో అదే చోటు తడిమి చూశారు.

"ఇవాళ వద్దు. ఆరనీ."

పెన్సిల్ మళ్ళీ కొక్కానికి తగిలించారు. బెవ్ వంటింట్లో పొయ్యి రాజేసి టీ కాచింది. అక్కడ జూడీ వేళ్ళకు స్పర్శ తిరిగి వచ్చి, చురుక్కుమని నొప్పెట్టాయి. మల్లికార్జున మూడు కేకు ముక్కలు తిని, నాలుగోది వద్దంటూనే తీసుకున్నాడు. ఆంటీ ఎల్సాకు ఫోన్ చేసి, కప్పు నిలిచింది అని చెప్పారు. అవతల ఎల్సా చాలాసేపు ఏదో మాట్లాడింది. ఆంటీ ఊఁ కొడుతూ విన్నారు. ట్రైలర్‌ను కొట్టంలోకి చేర్చి ఉంచుతానని, తలుపు కొంచెం తెరిచిపెట్టి గాలి తగలనిస్తానని, అక్టోబరుకల్లా ఆరుతుందని బెవ్ చెప్పింది. బస్తాల్లో ఇసుకను మంచు కరిగాక మళ్ళీ చెరువు ఒడ్డునే పొయ్యాలని ఆంటీ అన్నారు.

తిరుగు ప్రయాణంలో కూమా దాటేదాకా వాన పడుతూనే ఉంది. ఆంటీ ఈసారి ముందు సీట్లో కూర్చుని నిద్రపోయారు. సన్నగా గురక వస్తోంది. మల్లికార్జున అద్దంలోంచి జూడీని చూసి కళ్ళతోనే నవ్వాడు. సోమవారం మూడో తరగతికి చెప్పాల్సిన పాఠం జూడీకి గుర్తొచ్చింది. ఇంటికి వెళ్ళాక తయారు చేసుకోవచ్చు అనుకుని సీటుకు వాలింది.

ఈస్టర్ నాటి వరుస ఇంకా రాయలేదు.